పాఠకుల ప్రశ్నలు: ఫోను లేనిదే బేరం లేదు, ఫోను ఉంటే పని సాగదు

ప్రశ్న: కడపలో వై.వి. స్ట్రీట్‌కు దగ్గరలో జాకెట్లు కుట్టే చిన్న దుకాణం నడుపుతున్నాను. కుట్టిన జాకెట్ల ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినప్పటి నుంచి బేరాలు పెరిగిన మాట నిజం. అయితే ఎవరో పంపిన డిజైను చూద్దామని ఫోను తీస్తే రీల్స్‌లో పడిపోతున్నాను. అరగంట, ఒక్కోసారి గంట తెలియకుండానే గడిచిపోతోంది. పెళ్ళిళ్ళ రోజుల్లో చెప్పిన తేదీకి ఇవ్వలేక మాట పడుతున్నాను. యాప్ తీసేయమని మా ఆయన అంటున్నారు. తీసేస్తే బేరాలు పోతాయని నా భయం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: అమ్మా, మీ భయం న్యాయమైనదే. యాప్ తీసేయమని సలహా ఇవ్వడం సులువు. ఇచ్చేవారికి దాని మీద పొట్ట గడవవలసిన అవసరం ఉండదు. మీకు ఇన్‌స్టాగ్రామ్ దుకాణం ముందు వేలాడదీసిన బోర్డు వంటిది. బోర్డు తీయనక్కరలేదు, అలాగని రోజంతా దాని కింద నిలబడి వీధిని చూస్తూ ఉండనక్కరా లేదు. ఫొటోలు పెట్టడం, అడిగినవారికి జవాబు చెప్పడం మీ వ్యాపారం. రీల్స్ చూడటం వేరే వ్యాపకం. ఈ రెండూ ఒకే యాప్‌లో కలిసి ఉండటమే మీ చిక్కు. విడదీయవలసింది వాటిని.

మనసు గట్టి చేసుకుంటే చాలునని మీకు చాలామంది చెప్పే ఉంటారు. నేను ఆ మాట చెప్పను, ఎందుకంటే ఈ యాప్‌లను తయారు చేసిందే మనసుకు ఆగే చోటు దొరకకుండా. వెనుకటి రోజుల్లో వెబ్ పేజీ చివరికి చేరితే తరువాతి పేజీ కోసం మళ్ళీ నొక్కవలసి వచ్చేది, ఆ క్షణంలో ఇక చాలు అనిపించడానికి వీలుండేది. 2006లో ఏజా రాస్కిన్ అనే అమెరికన్ డిజైనరు ఎంత జరిపినా అంతం రాని పేజీని రూపొందించారు. అది ఇంత పని చేస్తుందని అనుకోలేదని ఆయనే తరువాత బహిరంగంగా విచారం వ్యక్తం చేశారు. దీనికి తోడు, వేలితో తోసిన ప్రతిసారీ మంచి వీడియో రాదు. నాలుగు చప్పనివి పోయాక ఒకటి నచ్చుతుంది. ఎప్పుడు దొరుకుతుందో తెలియని గింజ కోసం పావురాలు విసుగు లేకుండా మీటను పొడుస్తూనే ఉంటాయని మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ తన ప్రయోగాలలో చూపి దశాబ్దాలు గడిచాయి. మన దేశంలో 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించగానే జూలైలో రీల్స్ వచ్చి ఆ ఖాళీలో కూర్చున్నాయి. ఇంత ఏర్పాటు ముందు ఒంటరిగా మీ పట్టుదలను నిలబెట్టి, అది ఓడిపోతే మిమ్మల్ని మీరు తిట్టుకోవడంలో అర్థం లేదు.

ఇప్పుడు మీ బల్ల దగ్గరికి వద్దాం. మీ పనిలో అన్ని గంటలూ ఒక్కటి కావు. హుక్కులు కుట్టడం, కాజాలు తీయడం, ఫాల్ వేయడం మధ్యలో ఆగినా మళ్ళీ అందుకోవచ్చు. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. కత్తిరింపు అలా కాదు. ఆది జాకెట్టును పరిచి, చంక చుట్టుకొలత చూసి, ముందు మెడ లోతుకు సుద్ద గీత గీసి, కుట్టుకు వదలవలసిన గుడ్డను లెక్కలోకి తీసుకుని కత్తెర పట్టేలోపు ఫోను మోగితే, తిరిగి వచ్చాక ఆ గీత కుట్టు గీతో కత్తిరింపు గీతో తేల్చుకోవలసి వస్తుంది. పట్టుగుడ్డ మీద ఆ తేడాకు దిద్దుబాటు లేదు. ఒక పని ముగియకుండానే మరొక పనిలోకి వెళ్ళినవారి ధ్యాస కొంత వెనుకటి పని మీదే చిక్కుకుని ఉంటుందనీ, దానివల్ల కొత్త పని నాణ్యత తగ్గుతుందనీ సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన అధ్యయనంలో చూపారు. మీరు పోగొట్టుకుంటున్నది ఆ అరగంట మాత్రమే కాదు. ఫోను పక్కన పెట్టాక పని మీద మళ్ళీ చెయ్యి కుదురుకునే వరకు పట్టే సమయం కూడా.

అందుచేత కత్తిరింపులన్నింటినీ ఉదయం ఒకే విడతలో పెట్టుకోండి, ఆ వేళలో ఫోను మీ చేతికి అందే చోట ఉండకూడదు. బోర్లించి పెట్టడం కాదు, ఇంట్లోనో, దుకాణంలో ఎత్తైన అలమరలోనో ఉంచాలి. కానీ డిజైను చూడటానికే కదా ఫోను తీస్తున్నది అంటారు. నా ఉద్దేశంలో మీ ఇబ్బందికి అసలు మూలం అక్కడే ఉంది. వాట్సాప్‌లో ఎవరైనా మెడ డిజైను పంపిన రోజే దానిని జెరాక్స్ దుకాణంలో కాగితం మీద తీయించండి, లేదా మీరే ఆర్డరు చీటీ వెనుక పెన్సిలుతో గీసి, కొలతలు పక్కన రాసి, గుడ్డకు గుండుసూదితో గుచ్చండి. అప్పుడు జాకెట్టు పూర్తయ్యే వరకు ఫోను తెరవవలసిన పని ఉండదు. నాలుగైదు రూపాయల కాగితం గంట సమయాన్ని మిగిల్చితే ఖర్చుగా భావించనక్కరలేదు.

ఇక జవాబుల సంగతి. మీ ఇన్‌స్టాగ్రామ్ ఖాతాను వ్యాపార ఖాతాగా మార్చుకుంటే మెటా బిజినెస్ సూట్ అనే వేరే యాప్ నుంచే సందేశాలకు జవాబులు ఇవ్వవచ్చు, ఫొటోలు ఏ రోజు ఏ వేళకు వెలువడాలో ముందుగానే అమర్చి పెట్టవచ్చు. అక్కడ రీల్స్ వరుస మీ ముందుకు రాదు. వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగు పెట్టుకోవచ్చు, సాయంత్రం తరువాత జవాబు ఇస్తామని దానంతట అదే వెళ్ళే సందేశాన్ని అమర్చవచ్చు. మధ్యాహ్నం భోజనం తరువాత ఒకసారి, దుకాణం మూసే ముందు ఒకసారి చూసుకుంటే చాలు. జాకెట్టు కుట్టించుకునేవారు నిమిషంలో జవాబు రాలేదని వెళ్ళిపోరు. చెప్పిన తేదీకి ఇవ్వకపోతేనే వెళ్ళిపోతారు. ఇన్‌స్టాగ్రామ్‌కు ఫోనులోని డిజిటల్ వెల్‌బీయింగ్‌లో రోజుకు ఇంత అని గడువు పెట్టండి. ఆ గడువును మీరే తీసేయగలరు కనుక దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు, కానీ రోజుకు ఎన్నిసార్లు ఫోను తెరిచారో అదే చోట కనిపిస్తుంది, ఆ అంకెను చూడటం మంచిది. చేతి పని చేస్తున్నప్పుడు తోడుగా ఏదైనా వినాలనిపిస్తే ఆకాశవాణి కడప కేంద్రం ఉండనే ఉంది. రేడియోలో తోయడానికి ఏమీ ఉండదు.

మీ ఆయనతో గొడవ పెట్టుకోవద్దు. రీల్స్ తీసేశాను, బోర్డు ఉంచాను అని చెప్పండి.

ప్రశ్న: కర్నూలులో గది తీసుకుని గ్రూప్‌-2కు చదువుతున్నాను. 21 రోజులు సోషల్ మీడియా మానేస్తే అలవాటు పోతుందని విని మొదలుపెట్టాను. మధ్యలో ఒక రాత్రి చూసేశాను. మళ్ళీ ఒకటో రోజు నుంచి లెక్కపెట్టాలా?
– ఒక అభ్యర్థి, కర్నూలు

జవాబు: అక్కరలేదు. 21 అనే అంకె, శస్త్రచికిత్స అయినవారు తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం అన్ని రోజులు పడుతుందని అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్ 1960లో రాసిన మాట నుంచి వ్యాపించింది. "కనీసం" అనే మాట దారిలో రాలిపోయింది. కొత్త అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టిందనీ, మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారవచ్చుననీ, నడుమ ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం లేదనీ లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం చేసిన పరిశీలనలో తేలింది. అది తిండి, వ్యాయామం వంటి అలవాట్లు ఏర్పడటం గురించిన పరిశీలన కనుక, మానడానికి కాక రాత్రి ఫోను స్థానంలో ఏం చేయాలనే దానికి దానిని వర్తింపజేసుకోండి. గదిలో పడుకునే చోటికి దూరంగా చార్జింగ్ పెట్టి, అలారానికి చిన్న గడియారం కొనుక్కోండి. టెలిగ్రామ్ గ్రూపులలోని పీడీఎఫ్‌లు చదువుకే అంటారేమో. దింపుకున్న వాటిలో ఎన్ని తెరిచారో ఒకసారి చూసుకోండి. వర్తమానాంశాలకు రోజూ ఒక దినపత్రిక, మీ చేతిరాతలో నోట్సు సరిపోతాయి.

ప్రశ్న: మా తమ్ముడు రాత్రి మూడు దాకా వీడియోలు చూస్తాడు, ఉద్యోగానికి సరిగా వెళ్ళడు, ఫోను తీసుకుంటే వస్తువులు విసిరేస్తున్నాడు. ఇది జబ్బా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: 2022 నుంచి అమలులో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో వీడియో గేముల వ్యసనానికి చోటు ఉంది, సోషల్ మీడియాకు విడిగా లేదు. అయినా నిద్ర, జీతం, కోపం మూడూ చెడినప్పుడు పేరు కోసం ఆగనక్కరలేదు. ఇలాంటి వాడకం వెనుక దిగులు వంటి వేరే బాధ దాగి ఉండవచ్చు, దానిని వైద్యులే తేల్చగలరు. ముందు మానసిక ఆరోగ్య సలహాల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు మీరే ఫోను చేసి మాట్లాడండి. తెలుగులోనే మాట్లాడవచ్చు, రుసుము లేదు. మీకు రైలులో వెళ్ళి రాగల దూరంలో ఉన్న బెంగళూరు నిమ్‌హాన్స్ మానసిక వైద్యశాలలో ఇలాంటి సమస్యల కోసమే 2014 నుంచి షట్ అనే క్లినిక్ నడుస్తోంది. అందాకా ఫోనును లాక్కోవద్దు. అతడు ఎన్ని గంటలకు పడుకుంటున్నాడో, ఎన్ని పూటలు ఇంట్లో అన్నం తింటున్నాడో, ఎన్ని రోజులు పనికి వెళ్ళాడో ఒక వారం కాగితం మీద రాసి ఉంచండి; వైద్యులు మొదట అడిగేవి అవే.