విశాఖలో గాయపడిన గద్దలకు సేవా కేంద్రం పెట్టాలంటే ఏం చేయాలి?

ట్రస్టు రిజిస్టర్ చేయించి, మేడ మీద షెడ్డు వేసి మొదలుపెట్టవచ్చా అని అడిగారు. అది చాలదండీ. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ఉంది కాబట్టి గద్దనైనా గుడ్లగూబనైనా అటవీశాఖ అనుమతి లేకుండా మన దగ్గర ఉంచుకోకూడదు. రక్షణ కేంద్రంగా నడపాలంటే కేంద్ర జూ అథారిటీ గుర్తింపు కూడా కావాలి. అందుకే ముందు విశాఖ డీఎఫ్‌ఓ (అటవీశాఖ అధికారి) ఆఫీసుకు వెళ్లండి. పన్ను మినహాయింపు సంగతి మీ ఆడిటర్ చూసుకుంటారు.

అసలు కష్టం పక్షిని సాకడంలో ఉంది. సంక్రాంతికి మాంజా దారం రెక్కను కండరం దాకా కోసేస్తుంది. అలాంటి పక్షిని అట్టపెట్టెలో, చీకట్లో, చప్పుడు లేకుండా ఉంచాలి. ముక్కు తెరిచి నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది. దయచేసి ఎవరినీ అలా చేయనివ్వకండి. తర్వాత కూడా ఉత్త మెత్తటి మాంసం పెడితే కాల్షియం తగ్గి ఎముకలు బలహీనపడతాయి. ఎముకలతో సహా కోడిపిల్లలు, ఎలుకలు పెట్టాలి. ఇనుప వల పంజరంలో ఈకలు విరిగిపోతాయి, నిలువు కర్రలే నయం. పక్షుల వైద్యం తెలిసిన పశువైద్యుడు దొరకకముందు మాత్రం కేంద్రం తెరవొద్దని నా గట్టి మాట.

ఢిల్లీలో 2010లో మొదలైన వైల్డ్‌లైఫ్ రెస్క్యూ సంస్థ ప్రధానంగా గద్దలకే వైద్యం చేస్తోంది. వీలైతే అక్కడికి వెళ్లి పని చూసి రండి. అనుమతులు వచ్చేలోగా, అటవీశాఖకు చెప్పి, గాయపడ్డ పక్షులను వాళ్లకు చేర్చే వాలంటీర్ల బృందంగా పని మొదలుపెట్టండి.