నీది ఏ కాలు?

ఒరేయ్ అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "మీ మేనల్లుడు అడవిలో కొండ మీద సైకిల్ తొక్కుతాడట, నువ్వే కాస్త చెప్పు" అంది. ఆ "మీ" అన్న మాటలో ఎంత నిష్ఠూరం ఉందో నాకు తెలుసులే. నీకు ఈ పిచ్చి అంటించింది నేనేనని వదిన నమ్మకం. అందులో అబద్ధమూ లేదు, నీ సైకిల్‌కి వెనకున్న చిన్న చక్రాలు ఊడదీసి పారేసింది నేనే కదా. ఫోన్ పెట్టేశాక కాసేపు ఛాతీ ఉబ్బింది. ఆ తర్వాత నిద్ర పట్టి చావలేదు. ఇంకా తెల్లారలేదు, కూర్చుని ఇది రాస్తున్నా, విసుక్కోకుండా చివరిదాకా చదువు.

హెల్మెట్, గ్లౌజులు, మోకాళ్ళకి ప్యాడ్లు, ఇవి నీకు చెప్పక్కర్లేదు. ఒక్కటే మాట. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి ఎంత బాగున్నా మళ్ళీ పెట్టుకోకు, లోపలి నురగ ఒకసారి నలిగిందంటే దాని పని అయిపోయినట్టే. స్పేర్ ట్యూబు, పంపు, చైన్ తెగితే కలపడానికి లింకు, చిన్న టూల్ సంచీలో ఉండాలి. ట్యూబ్‌లెస్ టైర్లయితే లోపల పోసిన సీలెంట్, అదే చిల్లులు పూడ్చే ద్రవం, కొన్ని నెలల్లో ఎండిపోతుంది, ఎప్పుడు పోశావో గుర్తులేదంటే ఎండిపోయిందనే లెక్క.

టైర్లలో గాలి ఎక్కువ కొట్టకు. మా రోజుల్లో టైరు రాయిలా ఉంటేనే మంచిదనుకునేవాళ్ళం, రోడ్డు మీద తొక్కిన అలవాటు మరి. అడవి బాటలో చెట్ల వేళ్ళ మీద అలాంటి టైరు పట్టు దొరక్క బంతిలా గెంతుతుంది. ఇప్పటి వెడల్పు టైర్లకి నీ బరువును బట్టి గాలి ఒత్తిడి 20 నుంచి 30 పీఎస్ఐ మధ్య ఉంటే చాలు, ముందు టైరులో వెనకదానికన్నా ఒకటి రెండు తక్కువే పెట్టు. బొటనవేలితో నొక్కి చూసి "ఆ, సరిపోయింది" అనకు, గేజ్ పెట్టి చూడు. కుదుపులు మింగే సస్పెన్షన్ నువ్వు సామానుతో సహా ఎక్కి నిలబడితే దాని మొత్తం కదలికలో నాలుగో వంతు కుంగితే సరిపోతుంది, కాస్త అటూ ఇటూ అయినా పర్లేదు.

బ్రేకుల గురించి ఒక కథ చెప్తా, నాకిష్టమైన కథ. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్ళు పాత బండ సైకిళ్ళు వేసుకుని కొండ మీంచి మట్టి దారిలో దిగే పందేలు మొదలుపెట్టారు. వాటికి పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకులుండేవి. కిందికి చేరేసరికి వెనక చక్రం హబ్‌లో గ్రీజు కాలిపోయి పొగలొచ్చేవట, ప్రతిసారీ విప్పి కొత్త గ్రీజు కూరుకోవాల్సి వచ్చేదట. అందుకే ఆ దారికి "రీప్యాక్" అని పేరు పడింది. నువ్విప్పుడు ఎగబడుతున్న ఆటకి పెద్దదిక్కు ఆ కుర్రాళ్ళే. డిస్క్ బ్రేకులు వచ్చినా వేడి వేడే, కిందిదాకా లివరు పట్టుకుని రాసుకుంటూ పోతే అవీ మొండికేస్తాయి. గట్టిగా పట్టు, వదిలెయ్, మళ్ళీ పట్టు. మలుపులోకి దిగాక కాదు, మలుపుకి ముందే వేగం తగ్గించు. తడిసిన వేరు అడ్డొస్తే దాని మీద బ్రేకు ముట్టుకోకు, దాన్ని ఏటవాలుగా కాకుండా తిన్నగా అడ్డంగా దాటు. దిగీ దిగగానే డిస్క్ మీద వేలు పెట్టి చూడాలనిపిస్తుంది, పెట్టకు. నా చూపుడువేలి మీద గీత ఎలా వచ్చిందని చిన్నప్పుడు అడిగేవాడివి కదా, అలాగే వచ్చింది.

సరే, ఇక అసలు సంగతి.

సైకిల్ ఆపినప్పుడు ముందు ఏ కాలు కింద పెడతావు? ఆలోచించకు, టక్కున చెప్పు.

నాది ఎడమ కాలు. చాలామందికి ఎడమే. చైనూ గేర్లూ కుడివైపు ఉంటాయి కాబట్టి చిన్నప్పటి నుంచి ఎడమవైపు నుంచే ఎక్కడం, ఎడమవైపే దిగడం అలవాటైపోతుంది. రోడ్డు మీద దాంతో పేచీ లేదు. కానీ కొండ వెన్ను మీద పోయే సింగిల్ ట్రాక్ అంటే తెలుసుగా, ఒక మనిషి నడిచేంత సన్నబాట, చాలా చోట్ల ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. అదీ ఒకేలా ఉండదు, బాట కాసేపు వెన్నుకి ఇటు పోతుంది, కాసేపు అటు పోతుంది, ఎడమ చేతికి ఉన్న లోయ అరగంటలో కుడి చేతికి వచ్చేస్తుంది.

అప్పుడు నాకు ముప్ఫై నాలుగేళ్ళు. ముగ్గురం వెళ్ళాం, మిగతా ఇద్దరూ నాకన్నా గట్టివాళ్ళు, ముందు వెళ్ళిపోయారు. పొద్దున్నే పొగమంచు విడిచి ఎండ అప్పుడప్పుడే చెట్ల మధ్య నుంచి చారలు చారలుగా పడుతోంది, కింద లోయంతా మబ్బులు, ఇక నా అంత అదృష్టవంతురాలు లేదనుకుంటూ తొక్కుతున్నా. ఎదురుగా ఒక పెద్దాయన, పెద్దావిడ నడుచుకుంటూ వస్తున్నారు. నడిచేవాళ్ళకి దారివ్వడం మన పద్ధతి. మర్యాదగా ఆపాను. మర్యాదగా ఎడమ కాలు పెట్టాను.

కాలి కింద నేల లేదు రా.

గడ్డి ఉంది. పచ్చగా, ఒత్తుగా, బాటతో సమానంగా. బాట అంచు నుంచి గడ్డి లోయవైపుకి వాలి పెరిగింది, చూడ్డానికి అచ్చం నేలలాగే ఉంది. పాదం దిగింది, చీలమండ దిగింది, మోకాలు దిగింది, ఇంకా అడుగు తగలదు. ఒళ్ళంతా అప్పటికే అటు ఒరిగిపోయింది, సైకిల్ నా మీదికి వస్తోంది. జోరుగా దిగే వాలులో పడ్డానా అంటే కాదు, బండి ఆగాక పడ్డాను! రెండు నిలువుల లోతు దొర్లి ఒక పొదకి తగులుకున్నా. ఎడమ భుజం దగ్గర కాలర్ బోన్ విరిగిన చప్పుడు నాకే వినిపించింది, పుల్ల విరిచినట్టు.

నా ఫోనెక్కడుందో తెలుసా? సైకిల్ ఫ్రేముకి కట్టిన సంచీలో. సైకిల్ ఏమో పైన ఒక వేరుకి చిక్కుకుని వేలాడుతోంది, నేనేమో కింద. ఆ పెద్దాయన బాట మీద బోర్లా పడుకుని "కదలకమ్మా, కదలకమ్మా" అంటూనే ఉన్నాడు. ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు తడుస్తాయి. ఆవిడ మెల్లగా కూర్చుని జరుగుతూ నా దాకా దిగి, తన మెడకున్న కండువా తీసి నా చెయ్యి మెడకి వేలాడేలా కట్టింది. వాళ్ళే లేకపోతే నావాళ్ళు వెనక్కి తిరిగొచ్చి వెతికేదాకా నేనక్కడే. ఆ తర్వాత ఒంటి చేత్తో ఆరు కిలోమీటర్లు నడిచి రోడ్డుకి చేరాం. వాళ్ళ పేర్లు కూడా అడగలేదు.

మీ నాన్నకి వాన వల్ల జారానని చెప్పా. ఆ రోజు చుక్క వాన లేదు. చెల్లెలు ఆగి ఉన్న సైకిల్ మీంచి లోయలో పడిందంటే నవ్వుతాడని, ఇంక ఎప్పుడూ వెళ్ళనివ్వడని. పందొమ్మిదేళ్ళుగా అన్నయ్య ఆ వాననే తిడుతున్నాడు పాపం.

అందుకని వెళ్ళేలోగా ఇంటి దగ్గర రోజూ పది నిమిషాలు రెండో కాలితో దిగు, రెండో వైపు నుంచి ఎక్కు. ఎడమ చేత్తో రాసినట్టు వెర్రిగా ఉంటుంది, అయినా చెయ్యి. కొండ మీద మాత్రం బ్రేకు పట్టక ముందే లోపల అనుకో, కొండ ఎటు, కాలు అటు. గుర్రాలు వచ్చే బాటైతే వాటికి దారిచ్చేటప్పుడు లోయవైపు నిలబడమంటారు, పైనుంచి ఏదైనా కనపడితే బెదురుతాయి కాబట్టి. అప్పుడు కూడా ముందు కొండవైపే దిగి, నేల గట్టిగా, వెడల్పుగా ఉన్న చోటు చూసుకుని ఆ తర్వాత జరుగు. పెడలుకి బూటు బిగించే క్లిప్పులు ఈసారికి వద్దు, ఫ్లాట్ పెడళ్ళే వేసుకో. ఫోన్ ఒంటి మీద, జిప్పున్న జేబులో.

ఇంకోటి, చూపు. సైకిల్ నీ చూపు వెంట పోతుంది. రాయిని చూస్తే రాయికే కొడతావు, లోయని చూస్తే లోయవైపే లాగుతుంది. నీకు కావలసిన దారి ఎక్కడుందో అక్కడ చూడు, చక్రం ముందు కాదు, ఇంకా దూరంగా. అందాలు చూడొద్దని కాదు, చూడ్డానికే కదా అంత ఎక్కడం, కానీ ఆగి చూడు. పెడళ్ళు రెండూ సమానంగా పెట్టి దిగు, కిందికి వేలాడే పెడలు కొండవైపు రాయికి తగిలితే నిన్ను అవతలికే తోస్తుంది. ఆ హెల్మెట్ కెమెరా ఒకటి కొన్నావని విన్నా. కెమెరా నడుస్తుంటే మనిషికి లేని ధైర్యం వస్తుంది, మొదటిసారి దాన్ని సంచీలోనే ఉంచు.

కొండ వెన్ను మీద నీళ్ళు దొరకవు, వాగులన్నీ కిందే ఉంటాయి, గంటకి అర లీటరు లెక్కన ఇంకాస్త ఎక్కువే మొయ్యి. ఉరుము వినపడితే మాత్రం బింకాలొద్దు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు కూడా లేకపోతే అది పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు, వెంటనే వెన్ను దిగి కిందికి పో. ఒంటరి చెట్టు కింద దూరకు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్ళీ పైకెక్కకు. వాన కురిసి బాట బురదగా ఉంటే అసలు తొక్కకు, నీ టైరు గాడి ఎండి అలాగే ఉండిపోతుంది, తర్వాతి వాన అదే కాలవనుకుని బాటని కోసేస్తుంది. వెనక చక్రం లాక్ చేసి ఈడ్చుకుంటూ దిగడం కూడా అంతే, వీడియోలో బాగుంటుంది, బాటకి పుండు.

ఇంత తిట్టాను కదా, కోపం తెచ్చుకోకు. నీ మీద నమ్మకం లేక కాదు రా, ఆ గడ్డికి భయపడి. ఇప్పటికీ పార్కులో నడుస్తూ కూడా అంచున గడ్డి ఒత్తుగా ఉంటే కాలితో తట్టి చూసి గానీ అడుగు వెయ్యను. నవ్వుకో.

ఈ ఉత్తరం మీ నాన్నకి చూపించకు. లేదా చూపించెయ్, ఆ వానని ఇంకా ఎన్నేళ్ళు తిట్టిస్తాం.

ఏ దారిలో ఎక్కుతావో, ఎన్నింటికి దిగుతావో ముందే రాసి పంపు. సాయంత్రం ఆరు దాటితే మీ అమ్మకన్నా ముందు నేను ఫోన్లు మొదలుపెడతా. అవన్నీ తర్వాత, ముందు నేనడిగినదానికి జవాబు పంపు. నీది ఏ కాలు?

మీ అత్త