నూరేళ్లు దాటిన రివాల్వర్‌కు లైసెన్సు అక్కర్లేదా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. మా తాతగారు బ్రిటిష్ ఇండియా సైన్యంలో పనిచేశారు. ఆయన వాడిన వెబ్లీ మార్క్ 6 రివాల్వర్ మా ఇంట్లో ఉంది. దాని మీద 1917 అని ముద్ర ఉంది. అదీ, ఒక 12 బోర్ తుపాకీ మా నాన్నగారి లైసెన్సులో ఉండేవి. నాన్నగారు కాలం చేసి 14 నెలలైంది. రెండూ బీరువాలోనే ఉన్నాయి, 5 పాత తూటాలు కూడా ఉన్నాయి. నాకు పాత రివాల్వర్లు సేకరించాలని ఆశ. జైపూర్‌లో ఒక పాత వస్తువుల వ్యాపారి 19వ శతాబ్దపు ఫ్రెంచి పిన్‌ఫైర్ రివాల్వర్ ఒకటి కొరియర్‌లో పంపుతానని, నూరేళ్లు దాటిన వాటికి లైసెన్సు అక్కర్లేదని అంటున్నాడు. అమెరికాలో ఉన్న మా తమ్ముడు కూడా అక్కడ అలాగేనని, తాతగారి రివాల్వర్‌ను తాను తీసుకువెళతానని అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: సేకరణ సంగతి తరువాత చూద్దాం. ముందుగా బీరువాలో ఉన్న రెండు ఆయుధాలనూ, తూటాలనూ వెంటనే మీ పోలీస్ స్టేషనులో గాని, లైసెన్సు పొందిన ఆయుధాల డీలరు వద్ద గాని జమ చేయండి. లైసెన్సు అనేది వ్యక్తికి ఇచ్చేది, ఇంటికి ఇచ్చేది కాదు. కనుక మీ నాన్నగారు మరణించిన నాటి నుంచి ఆ ఆయుధాలు మీ ఇంట్లో ఉండటానికి చట్టబద్ధమైన ఆధారం లేదు. ఏ కారణం చేతనైనా స్వాధీనం చట్టబద్ధం కాకుండా పోయినప్పుడు అనవసర జాప్యం లేకుండా జమ చేయాలని 1959 నాటి ఆయుధాల చట్టంలోని సెక్షన్ 21 చెబుతోంది. లైసెన్సు లేకుండా తుపాకీని గాని, తూటాలను గాని ఉంచుకుంటే 2019 సవరణ తరువాత సెక్షన్ 25 కింద కనీసం 2 సంవత్సరాలు, గరిష్ఠంగా 5 సంవత్సరాల జైలు శిక్ష, జరిమానా ఉన్నాయి. మిమ్మల్ని భయపెట్టాలని ఇది రాయడం లేదు. ఇటువంటి కేసులో కోర్టు విచారణ మొదలు కావాలంటే సెక్షన్ 39 ప్రకారం జిల్లా మెజిస్ట్రేటు ముందస్తు అనుమతి అవసరం; ఎవరో ఫిర్యాదు చేసి పోలీసులు సోదాకు వచ్చినప్పుడు దొరికిన ఆయుధాన్నీ, వారసుడు తానే మరణ ధ్రువీకరణ పత్రంతో వచ్చి జమ చేసిన ఆయుధాన్నీ ఆ అధికారి ఒకే దృష్టితో చూడరు. వీలైతే స్థానిక న్యాయవాదిని వెంట తీసుకుని వెళ్లండి. జాప్యానికి కారణాన్ని ఉన్నది ఉన్నట్టుగా లిఖితపూర్వకంగా ఇవ్వండి. ఆయుధాల నంబర్లతో పాటు ఆ 5 తూటాలను కూడా రసీదులో వేరుగా రాయించుకోండి. ఇళ్లలో చాలామంది తుపాకీని గుర్తుపెట్టుకుని తూటాలను మరిచిపోతారు, చట్టం మాత్రం రెండింటినీ సమానంగానే చూస్తుంది.

ఇక నూరేళ్ల మాట. ఇది మన దేశంలో బాగా పాకిపోయిన అపోహ. సెక్షన్ 45 కొన్ని ఆయుధాలను చట్టం పరిధి నుంచి తప్పించిన మాట నిజమే. అయితే అక్కడ వాడుకలో లేని పాత నమూనా, పురాతన విలువ, పాడైపోయిన స్థితి అని చెప్పి ఊరుకోలేదు. మరమ్మతు చేసినా, చేయకపోయినా తుపాకీగా ఉపయోగించడానికి పనికిరానిదై ఉండాలని కూడా చెప్పింది. ఆ షరతు ముందున్న మూడింటికీ వర్తిస్తుందని నా అభిప్రాయం, అలా అనుకుని నడుచుకోవడమే మీకు క్షేమం. అంటే చూడవలసింది ఆయుధం వయసును కాదు, అది పేలగలదా లేదా అన్నదాన్ని. స్ప్రింగు విరిగినా, గొట్టం తుప్పు పట్టినా, సుత్తి ఊడిపోయినా బాగుచేస్తే పేలుతుందంటే అది తుపాకీయే. మీ తాతగారి వెబ్లీ మంచి స్థితిలో ఉంటే నూట పదేళ్లకు చేరువైనా దానికి లైసెన్సు ఉండి తీరాలి. మినహాయింపు కోసమని ఎవరైనా లేత్ పనివారి చేత గొట్టానికి రంధ్రం వేయించడమో, అతికించడమో చేయకండి. లైసెన్సు లేనివారు తుపాకీని మరమ్మతు చేయడం, మార్చడం సెక్షన్ 5 కింద నిషిద్ధం. దానికి 7 సంవత్సరాల నుంచి యావజ్జీవం వరకు శిక్ష ఉంది. పైగా చరిత్ర ఉన్న ఒక వస్తువు శాశ్వతంగా పాడవుతుంది.

మీ వెబ్లీకి మరొక చిక్కు ఉంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1915లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన మార్క్ 6 రివాల్వర్ .455 బోరుది. సైన్యం వాడిన ఆ తూటాను పేల్చగల రివాల్వర్లను మన ఆయుధాల నిబంధనలు సామాన్యులకు సులభంగా ఇవ్వని తరగతిలో, వాడుకలో ప్రొహిబిటెడ్ బోర్ అనే తరగతిలో ఉంచాయి. మార్కెట్లో పౌరులకు దొరికే .32 రివాల్వర్‌కు జిల్లా కలెక్టరు, కమిషనరేట్ ఉన్నచోట పోలీసు కమిషనరు లైసెన్సు ఇవ్వగలరు; .455కు నిర్ణయాధికారం కేంద్ర హోం శాఖది. మీ దరఖాస్తు కలెక్టరేటు గుండానే వెళ్లవచ్చు గాని, అక్కడ ఆమోదం దొరికితే పని అయిపోయిందని అనుకోవద్దు. 12 బోర్ తుపాకీకి ఈ ఇబ్బంది లేదు.

లైసెన్సుదారు మరణించాక వారసుడికి లైసెన్సు ఇవ్వడానికి 2016 నిబంధనల్లోని 25వ నిబంధన వీలు కల్పిస్తోంది. పోలీసు విచారణ నివేదికలో ప్రతికూలత ఉండకూడదు. మీ అమ్మగారు, తోబుట్టువులు వంటి ఇతర వారసులు తమకు అభ్యంతరం లేదని రాసి ఇవ్వాలి. జమ చేసిన ఆయుధం పోయినట్టు కాదు. లైసెన్సు రాగానే తిరిగి తీసుకునే హక్కూ, లైసెన్సు అర్హత ఉన్న మరొకరికి అమ్ముకునే హక్కూ సెక్షన్ 21 వారసులకు ఇచ్చింది. కాని నిర్ణీత గడువు దాటితే అది ప్రభుత్వపరం అవుతుంది కనుక జమ చేసిన రోజు నుంచే దరఖాస్తు పని మొదలుపెట్టండి.

2019 డిసెంబరు 14 నుంచి ఒక వ్యక్తి గరిష్ఠంగా 2 తుపాకులే కలిగి ఉండాలి. అంతకు ముందు ఈ పరిమితి 3. వారసత్వంగా వచ్చిన వాటికి కూడా ఇదే లెక్క. ఈ రెండూ మీ పేరు మీదకు వస్తే మీ కోటా నిండినట్టే. ఆ తరువాత లైసెన్సు కావలసిన ఏ పాత రివాల్వర్‌నూ మీరు కొనలేరు. అంతగా సేకరణ మీద మనసుంటే, 12 బోర్ తుపాకీని ఇంట్లో మరొక వారసుడి పేరు మీదకు మార్పించడం ఒక దారి.

జైపూర్ వ్యాపారి మాటలో కొంత నిజం ఉంది. 2020 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధనలను సవరించి, క్యూరియో (సేకరించదగిన అరుదైన పాత వస్తువు) తరగతికి చెందిన చిన్న ఆయుధాలను భారత పౌరులు సంపాదించడానికి, ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదని ప్రకటించింది. ఆ సవరణలోనే వాటిని వాడటానికి, వెంట తీసుకువెళ్లడానికి, రవాణా చేయడానికి మాత్రం తగిన లైసెన్సు కావాలని ఉంది. కనుక కొరియర్‌లో వచ్చే పిన్‌ఫైర్, మీ ఇంటికి చేరాక చట్టబద్ధమే అయినా, దారిలో ఉన్నంతసేపూ చట్టవిరుద్ధం కావచ్చు. అది క్యూరియో కిందకు వస్తుందని వ్యాపారి నోటి మాటగా చెబితే చాలదు. ఆయుధం వర్ణన, స్థితి, ఫొటోలు ఇచ్చి లైసెన్సింగ్ అధికారి నుంచి లిఖితపూర్వక సమాధానం తెచ్చుకున్నాకే డబ్బు చెల్లించండి.

మీ తమ్ముడు చెప్పినది ఆయన ఉన్న దేశానికి సరిపోతుంది. అమెరికాలో 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం 1898లో గాని, అంతకు ముందు గాని తయారైన వాటిని పురాతన ఆయుధాలుగా విడదీసింది. ఆ లెక్కన చూసినా 1917 నాటి వెబ్లీ అందులోకి రాదు. ఇక్కడి నుంచి దాన్ని తీసుకువెళ్లడానికి ఆయుధాల చట్టంతో పాటు 1972 నాటి పురావస్తువుల చట్టం కూడా అడ్డు వస్తుంది; చారిత్రక ప్రాధాన్యం ఉండి నూరేళ్లు నిండిన వస్తువును కేంద్ర ప్రభుత్వం గాని, అది అధికారమిచ్చిన సంస్థ గాని తప్ప మరెవరూ ఎగుమతి చేయరాదు. అందువల్ల విమానాశ్రయానికి ఆ రివాల్వర్‌ను ఏ పరిస్థితుల్లోనూ తీసుకువెళ్లవద్దని మీ తమ్ముడికి ఈ రోజే చెప్పండి.