జవాబు చెప్పకుండా పక్కన కూర్చోవడం: ఓసీడీ ఉన్న ఇంటికి ఒక లేఖ

జయనగర్, బెంగళూరు

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి అయిన మా చెల్లెలి కూతురికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నువ్వు రాత్రి పంపిన మెసేజీ పొద్దున నిదానంగా చదివాను. అల్లుడు ఆఫీసు నుంచి రాగానే బ్యాగూ ఫోనూ గుమ్మం దగ్గరే వదిలేసి నేరుగా స్నానాలగదిలోకి వెళ్ళి గంటకు పైగా బయటికి రావడం లేదనీ, నందిని పాల ప్యాకెట్లను నువ్వు సబ్బునీళ్ళతో కడిగి చూపిస్తే గానీ ఫ్రిజ్‌లో పెట్టనివ్వడం లేదనీ, పడుకున్నాక కూడా గ్యాస్ కట్టేశావా అని మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడనీ రాశావు. ఇవన్నీ ఒక ఎత్తు, ఆరు నెలల పాపను ఎత్తుకోవడం మానేసి చాకులన్నీ అటక మీద పెట్టించడం ఒక ఎత్తు. ఎందుకని నిలదీస్తే, పాపను తానే ఏదైనా చేసేస్తానేమో అన్న ఆలోచన వస్తోందని చెప్పి ఏడ్చాడని రాశావు. ఇవన్నీ ఓసీడీ లక్షణాల్లా ఉన్నాయి, అంటే వద్దన్నా అవే ఆలోచనలు రావడం, ఆ భయం తీరడానికి చేసిందే మళ్ళీ మళ్ళీ చేయడం అనే జబ్బు. నీకు నిద్ర పట్టనిది ఆ చివరి మాటకే కాబట్టి ముందు దాని సంగతే చెబుతాను.

ఉద్యోగ జీవితమంతా ఈ ఊళ్ళో మానసిక వైద్య విభాగాలలో సోషల్ వర్కరుగా రోగుల ఇంటివాళ్ళతో మాట్లాడుతూ గడిపినదాన్ని గనుక, ఆ మాట ఎంతమంది తండ్రుల నోట, అంతకంటే ఎక్కువగా ఎంతమంది బాలింతల నోట విన్నానో చెప్పలేను. 1978లో రాక్‌మన్, పద్మల్ డి సిల్వా అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, ఏ జబ్బూ లేని మామూలు మనుషులను అడిగి చూస్తే, వాళ్ళలో చాలామందికి కూడా ఎదుటివాణ్ణి పొడిచేస్తానేమో, ఎత్తు మీంచి దూకేస్తానేమో, పూజలో బూతుమాట అనేస్తానేమో అన్నటువంటి ఆలోచనలే వస్తున్నాయని తేలింది. ఆ ఆలోచనల సారంలో రోగికీ మామూలు మనిషికీ పెద్ద తేడా లేదు. మామూలు మనిషి ‘ఇదేం పాడు ఆలోచన’ అనుకుని కూర తరుక్కోవడంలో పడిపోతాడు. ఓసీడీ ఉన్నవాడు ‘ఇలాంటి ఆలోచన వచ్చిందంటే నేను ఎలాంటివాణ్ణి’ అని అక్కడే ఆగిపోయి, దాన్ని తరిమే పనిలో పడతాడు. తరిమే కొద్దీ అది ఎక్కువవుతుంది. బిడ్డ మీద ప్రాణం పెట్టుకున్నవాడికి బిడ్డ గురించే, భక్తి ఉన్నవాడికి దేవుడి గురించే ఈ ఆలోచనలు రావడం అందుకే. ఆలోచన వచ్చిందని భయపడి చాకులను అటకెక్కించేవాడికీ, ఆ పని చేయడం సరైనదేనని నమ్మేవాడికీ, చేయమని ఎవరో చెవిలో చెబుతున్నట్టు వినిపించేవాడికీ నడుమ చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని కొలవాల్సింది మాత్రం సైకియాట్రిస్టే. కాబట్టి మొదటి రోజునే ఈ సంగతి దాచకుండా చెప్పమని అల్లుడితో చెప్పు. డాక్టర్లు ఇలాంటివి వినడానికి అలవాటు పడినవాళ్ళే, ఉలిక్కిపడరు.

ఇక జబ్బు నడిచే తీరు. మనసులోకి ఒక అనుమానం వస్తుంది, దానితో భరించలేని ఆందోళన పుడుతుంది, దాన్ని దించుకోవడానికి మనిషి ఒక పని చేస్తాడు, కాసేపు హాయిగా ఉంటుంది, మళ్ళీ అనుమానం వస్తుంది. కడగడం, తాళం లాగి చూడటం, అడిగిందే అడగడం బయటికి కనిపిస్తాయి. ఆంజనేయ దండకంలో ఒక మాట తప్పిందేమోనని మనసులోనే మళ్ళీ మొదటినుంచి చదువుకోవడం, బండి ఎవరికైనా తగిలిందేమోనని వచ్చిన దారంతా గుర్తు చేసుకుంటూ కూర్చోవడం కనిపించవు, కానీ అవీ ఈ పనులలోవే. వారం వడ్డీకి అప్పు తెచ్చుకున్నవాడు ఎన్ని వారాలు కట్టినా అసలు తరగనట్టే, ఎన్నిసార్లు కడిగినా ఆ అనుమానం తీరదు, పైగా కట్టిన ప్రతిసారీ అప్పులవాడు మళ్ళీ వచ్చే ధైర్యం తెచ్చుకుంటాడు.

మీ అత్తగారు ‘మా ఇళ్ళలో మడీ ఆచారం ఎప్పుడూ ఉన్నవే, వాడికి కొంచెం చాదస్తం, అంతే’ అన్నారట. ఆవిణ్ణి తప్పుపట్టను గానీ, మా అమ్మమ్మ కూడా మడి కట్టుకునేది. తడిబట్ట ఆరేసి, వంట చేసి, నైవేద్యం పెట్టి, భోజనం చేసి కమ్మగా కునుకు తీసేది. మడి ముగిశాక ఆవిడకు ముగిసేది. అల్లుడికి ముగియడం లేదు. రోజుకు గంటకు మించి కాలం తినేస్తూ, ఉద్యోగానికో సంసారానికో అడ్డం వస్తుంటే దాన్ని జబ్బుగానే లెక్కించాలి. ప్రపంచమంతటా జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు నూటికి ఇద్దరు ముగ్గురికి ఇది వస్తుంది. చాలామందికి చిన్నతనంలోనో ఇరవైల్లోనో మొదలవుతుంది, కుటుంబాలలో వంశపారంపర్యపు పాలు కొంత ఉంటుంది, ఇంట్లో పసిబిడ్డ పుట్టిన రోజులలో ఉన్నది ముదరడం కూడా తెలిసిందే. పెంపకంలో లోపం వల్ల వచ్చింది కాదని ఆవిడకు గట్టిగా చెప్పు. లోలోపల ఆ భయంతోనే ఆవిడ దీన్ని చాదస్తం అని తేలిక చేస్తూ ఉండవచ్చు.

దీనికి పనిచేసే మాటల వైద్యాన్ని ఈఆర్‌పీ అంటారు. భయానికి ఎదురుగా నిలబడటం, నిలబడ్డాక ఎప్పుడూ చేసే ఆ పని చేయకుండా ఉండటం అందులోని రెండు భాగాలు. 1966లో లండన్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో విక్టర్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇద్దరు రోగులకు ఈ పద్ధతిలో నయం చేసి ప్రకటించేదాకా, ఈ జబ్బుకు మందే లేదని వైద్యులు చేతులెత్తేసిన రోజులు ఉండేవి. ఇప్పుడు ఓపికగా పూర్తి చేసినవాళ్ళలో ఎక్కువమంది బాగా తేరుకుంటున్నారు.

అది ఎలా జరుగుతుందో నీకు ముందే తెలిస్తే మంచిది. మొదటి ఒకటి రెండు సిట్టింగులు విచారణకే సరిపోతాయి. యేల్-బ్రౌన్ కొలమానం అనే పది ప్రశ్నల పట్టీ ఒకటి ఉంది, దానిలో 40కి ఎన్ని వచ్చాయో చూసి తీవ్రత అంచనా వేస్తారు. ఆ తరువాత అల్లుడితోనే అతని భయాల జాబితా రాయించి, ఒక్కొక్కదానికి సున్నా నుంచి వంద వరకు అంకె వేయిస్తారు. అపార్ట్‌మెంటు లిఫ్టు బటన్ ముట్టుకోవడానికి ముప్పై, ఆఫీసు ప్యాంటుతో మంచం మీద కూర్చోవడానికి అరవై, చాకు గట్టు మీద ఉండగా పాపను ఎత్తుకోవడానికి తొంభై అయిదు, ఇలా ఉంటుంది. కింది అంకెల నుంచి మొదలుపెడతారు. థెరపిస్టు పక్కన ఉండగా లిఫ్టు బటన్ ముట్టుకుని, ఆ వేళ్ళతోనే చొక్కా, ఫోను, చెంప తడుముకుని, కడుక్కోకుండా కూర్చోవాలి. గుండె దడదడలాడుతుంది, చెమట పడుతుంది. చాలాసార్లు ఆ ఆందోళన తనంతట తానే దిగుతుంది. దిగకపోయినా దాన్ని మోస్తూ పని చేసుకోవచ్చునని ఒంటికి అనుభవంలోకి వస్తుంది. ఇంటికి వచ్చాక రోజూ అదే అభ్యాసం చేయాలి, నిజానికి వైద్యంలో పెద్ద వాటా ఇంట్లో చేసే ఆ అభ్యాసానిదే. భోజనానికి ముందు, మరుగుదొడ్డికి వెళ్ళాక అందరిలాగే చేతులు కడుక్కోవడాన్ని ఎవరూ వద్దనరు.

పాప విషయంలో ‘నేనెప్పటికీ హాని చేయను’ అని పూచీ ఇప్పించరు. ఆ పూచీ కోసమే కదా జబ్బు పీడిస్తున్నది. ‘చేస్తానో చేయనో నూటికి నూరుపాళ్ళు నాకు తెలియదు, అలా తెలియకపోయినా నా బిడ్డకు నీళ్ళు పోస్తాను’ అని రాయించి చదివిస్తారు, ఆ పైన మెల్లగా పాపను చేతికిస్తారు. వినడానికి కర్కశంగా ఉంటుందని తెలుసు. కానీ ఏదీ బలవంతంగా, చెప్పకుండా చేయించరు. అతను సరేనన్నదే చేస్తారు. కాబట్టి నీ అంతట నువ్వు ఒకరోజు చాకులన్నీ దింపి అతని ముందు పెట్టడం లాంటి పనులు చేయకు.

ఇప్పుడు నీ వంతు. ఇంతకాలం నువ్వు పాల ప్యాకెట్లు కడిగావు, ‘కట్టేశానండీ, నేనే చూశాను’ అని రోజూ అన్నావు, బ్యాగు శానిటైజర్‌తో తుడిచావు. ప్రేమతోనే చేశావు, కానీ జబ్బు దృష్టిలో నువ్వు చెప్పే జవాబూ చేతులు కడగడంతో సమానమే. దానివల్ల వచ్చే నెమ్మది పది నిమిషాలకే అయిపోతుంది. అలాగని రేపటి నుంచి నోరు మూసుకుని కూర్చోమని నేననడం లేదు, అలా హఠాత్తుగా మానేస్తే ఇల్లు రణరంగమవుతుంది. అతను ప్రశాంతంగా ఉన్న ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ కూర్చుని, వీలైతే థెరపిస్టు ఎదుటే, దేనిని ముందు మానాలో అనుకోండి. గ్యాస్ ప్రశ్నకు ఒక్కసారి మాత్రమే జవాబు అనుకుంటే అంతే. మళ్ళీ అడిగితే ‘ఇది ఆ జబ్బు అడిగే ప్రశ్నలా ఉందండీ, జవాబు చెప్పకూడదని మనమే అనుకున్నాం కదా, కష్టంగా ఉందని తెలుసు, నేను మీ పక్కనే కూర్చుంటాను’ అని, నిజంగానే పక్కన కూర్చో. కూర్చోవడం జవాబు చెప్పడం కంటే చాలా కష్టం. అతను విసుక్కుంటాడు, బతిమాలుతాడు, నీకు నా మీద ప్రేమ లేదంటాడు. వాదించకు, లాజిక్ చెప్పకు, వెటకారం అసలే వద్దు. ఎప్పుడైనా అలసిపోయి జవాబు చెప్పేస్తే దాన్ని మనసులో పెట్టుకోక, మరుసటి రాత్రి మళ్ళీ మొదలుపెట్టు.

మందుల సంగతి తొందరగానే చెబుతాను, అది డాక్టరు నిర్ణయించేది. ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రాలిన్, ఫ్లూవోక్సమిన్ వంటివి ఎక్కువగా ఇస్తారు. దిగులు జబ్బుకు ఇచ్చేదానికంటే దీనికి మోతాదు తరచు ఎక్కువే ఉంటుంది, పూర్తి మోతాదుకు వచ్చాక కూడా ఫలితం చూడటానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టవచ్చు. మొదటి వారాల్లో వికారం, చికాకు ఉండవచ్చు. రెండు వారాలకే ‘ఏం పనిచేయడం లేదు’ అని మానేసేవాళ్ళు మన సాఫ్ట్‌వేర్ పిల్లల్లో ఎక్కువ. బాగయ్యాక కూడా ఏడాదో రెండేళ్ళో వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఇవి వ్యసనమయ్యే మందులు కావు. అల్ప్రజోలం లాంటి మాత్రలు వెంటనే మత్తుగా శాంతపరుస్తాయి గానీ అలవాటయ్యే స్వభావం వాటిదే, ఈ జబ్బును అవి నయం చేయవు. తెలిసినవాళ్ళు ఇచ్చారని వేయనివ్వకు.

ఎక్కడికి వెళ్ళాలని అడిగావు. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ అనే ప్రభుత్వ మానసిక వైద్య సంస్థలో ఓసీడీకే ప్రత్యేకమైన క్లినిక్ ఉంది. పొద్దున్నే వెళ్ళి చీటీ రాయించుకోవాలి, జనం విపరీతం, అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్ళతో ఆ వరండాలలో తెలుగు కన్నడతో సమానంగా వినిపిస్తుంది. అంత ఓపిక లేకపోతే ప్రైవేటు వాళ్ళను చూడవచ్చు, కానీ మందు రాసే సైకియాట్రిస్టు వేరు, థెరపీ చేసే క్లినికల్ సైకాలజిస్టు వేరు అని గుర్తుంచుకో. సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా, ఈఆర్‌పీ చేస్తారా, ఇంటి అభ్యాసం ఏమిస్తారు, తెలుగులో మాట్లాడగలరా అని మొహమాటం లేకుండా అడుగు. ఆలోచన వచ్చినప్పుడల్లా చేతికి రబ్బరు బ్యాండు వేసి లాగి కొట్టుకోమనేవాళ్ళూ, మంచి ఊపిరి పీల్చుకోండి అంతా సర్దుకుంటుందని వారం వారం ధైర్యం చెప్పి పంపేవాళ్ళూ మంచివాళ్ళే కావచ్చు, ఈ జబ్బుకు మాత్రం పనికిరారు. ఈలోగా ఏ రాత్రయినా అతను బతకాలని లేదన్నట్టు మాట్లాడితే అపాయింట్‌మెంటు కోసం ఆగకు. దగ్గరి ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకుపో, ఒంటరిగా వదలకు. టెలిమానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416కు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో కూడా మాట్లాడతారు.

ఆఫీసులో తెలుస్తుందని భయపడుతున్నాడన్నావు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అతని వైద్యం గురించి ఆసుపత్రి వాళ్ళు అతని అనుమతి లేకుండా ఆఫీసుకు చెప్పడానికి వీల్లేదు, ఆ మాట అతనికి చెప్పు. మీ అత్తగారు దిష్టి తీయించి, మంత్రాలయం తీసుకెళ్తానంటే వెళ్ళనివ్వు, తీయించనివ్వు, వాటితో మనకు తగువు లేదు. మందులూ అభ్యాసమూ మానకూడదన్న ఒక్కదానిపైనే పట్టుబట్టు. పాపను మీ అమ్మ దగ్గరికి పంపేద్దామన్న ఆలోచన మాత్రం డాక్టరు చెబితే తప్ప వద్దు. పాపను దూరం పెట్టడమంటే ఆ భయం నిజమేనని మనమే సంతకం పెట్టినట్టవుతుంది.

మొదటి రోజుకు ఒక కాగితం తయారు చేసుకోండి: ఎప్పుడు మొదలైంది, రోజులో ఎంతసేపు పోతోంది, ఏమేమి మానేశాడు, వాళ్ళింట్లో ఇంకెవరికైనా ఇలాంటిది ఉందా, ఇప్పుడు వాడుతున్న మందులేమిటి. చెప్పలేని ఆలోచనలు అతనే రాసి, మడిచి, డాక్టరు చేతికిచ్చినా చాలు. ఆసుపత్రి మా ఇంటికి దగ్గరే కనుక పాపను పొద్దున్నే నా దగ్గర వదిలి వెళ్ళండి. పాలసీసాలు, రెండు జతల బట్టలు సంచిలో పెట్టు. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు అల్లుణ్ణి కూడా పైకి తీసుకురా, బయటి బట్టలతోనే వచ్చి కూర్చోమని చెప్పు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ