చెక్క క్లాంపులో నట్టు ఎటు నుంచి దిగాలి

చిరంజీవి శ్రీకాంత్‌కు, పెదనాన్న ఆశీస్సులు.

బాల్కనీలో పనిబల్ల వేసుకున్నావనీ, ఇక క్లాంపులు కూడా సొంతంగా చేసుకోవాలని ఉందనీ మీ నాన్న చెప్పాడు. మంచిదే. ముందు రెండు దవడలు, రెండు మరలు ఉండే పాతరకం క్లాంపులు నాలుగు చెయ్యి. చెక్కలోనే మరలు కోసే సరదా ఇప్పుడొద్దు, ఎం10 మర కడ్డీ, అంటే 10 మి.మీ. లావున్నది, చాలు.

పనిని పట్టుకునే రెండు చెక్కలే దవడలు; పనిని నొక్కే చివర ముక్కు, వెనక చివర తోక. ఈ క్లాంపులో మధ్య మర దవడల్ని దగ్గరికి లాగుతుంది, వెనక మర తోకల్ని ఎడంగా నెడుతుంది. తోకలు విడిపోయే కొద్దీ ముక్కులు బిగుస్తాయి. ఇది బుర్రలో ఉంటే కింద చెప్పే కొలతలేవీ బట్టీ పట్టక్కర్లేదు.

చెక్క కోసం మీ బెంగళూరులో మైసూరు రోడ్డు వైపు టింబర్ యార్డుల్లో వేగిస అడుగు. అక్కడ హొన్నె అంటేనే ఇస్తారు. దొరక్కపోతే మద్ది. టేకు పనికొస్తుంది గానీ దాని జిడ్డు మీద జిగురు సరిగ్గా పట్టదు, అతికించే ముందు థిన్నర్‌తో తుడవాలి. ప్యాకింగ్ పెట్టెల పైన్ వద్దు, నట్టు కింద నలిగిపోతుంది. ప్లైవుడ్డూ వద్దు: అందులో సగం పొరలు అడ్డంగా ఉంటాయి, వంపు బరువు మొయ్యడానికి అవి అక్కరకు రావు. రెండంగుళాల చదరం కర్ర పదకొండు అడుగులు తీసుకుంటే నాలుగు క్లాంపులకూ, పిడులకూ సరిపోతుంది. నార నిటారుగా, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సాగాలి. పక్కకు జారిపోయే నార ఉన్న ముక్కను పిడులకు వాడుకో. వానాకాలంలో కొంటే రెండు మూడు వారాలు ఇంట్లో గాలి తగిలేలా ఉంచాకే కొయ్యి. పచ్చిదనం ఉండగా వేసిన రంధ్రం చెక్క ఆరాక కోలగా మారుతుంది, నట్టు వదులవుతుంది.

ఇనుప సామాను ఎస్.జె.పి. రోడ్డులో దొరుకుతుంది: జింకు పూత ఉన్న మీటరు మర కడ్డీలు రెండు, ఎం10 నట్లు 16, వెడల్పు వాషర్లు 4. ఒక్కో కడ్డీని నాలుగు సమాన ముక్కలు చెయ్యి. కొయ్యకముందే కడ్డీకి ఒక నట్టు ఎక్కించి, కోశాక ఆ చివర మీదుగా వెనక్కి తిప్పి తీసెయ్యి. చిట్లిన మర చక్కబడుతుంది. తర్వాత ఆకురాయితో అంచు గుండ్రం చెయ్యి.

దవడ 250 పొడవు, 40 వెడల్పు, 40 మందం, అన్నీ మి.మీ.లోనే. చిత్రిక పట్టి నాలుగు ముఖాలూ మూలమట్టానికి తీసుకురా. ముక్కు నుంచి 120 దగ్గర మధ్య మర, 220 దగ్గర వెనక మర. రెండు దవడల్నీ లోపలి ముఖాలు కలిపి టేపుతో కట్టి, ఆ రెండు చోట్లా 3 మి.మీ. గుర్తు రంధ్రం వెయ్యి. మధ్యది రెండు దవడల్లోంచీ పోవాలి. వెనకది మాత్రం ఒక దవడను దాటి, రెండో దానిలోకి 10 దిగాక ఆగాలి. చేతి డ్రిల్లు ఒకవైపు నుంచే తోస్తే తప్పకుండా పక్కకు పోతుంది. మధ్యదానికి రెండు వైపుల నుంచీ సగం సగం వెయ్యి.

ఇక అసలు సంగతి. వెనక రంధ్రం ఆరపారం ఉన్న దవడ పేరు నట్ల దవడ అనుకుందాం. నట్లు రెండూ అందులోనే ఉంటాయి, కానీ రెండూ ఒకే వైపు నుంచి దిగవు. మధ్య మర ఈ దవడను లోపలికి లాగుతుంది కాబట్టి దాని నట్టు బయటి ముఖం నుంచి దిగాలి. వెనక మర దీన్ని బయటికి తోస్తుంది కాబట్టి దాని నట్టు లోపలి ముఖం నుంచి దిగాలి. అప్పుడు బిగించే కొద్దీ నట్టు చెక్కలోకే కూర్చుంటుంది. తిరగేసి పెడితే నట్టును జిగురొక్కటే పట్టుకోవాలి, గట్టిగా రెండుసార్లు బిగించేసరికి ఊడి చేతికొస్తుంది. కొత్తగా చేసేవాళ్ళ క్లాంపులు చెడేది ఎక్కువగా ఇక్కడే.

నట్టు గుంట 18 మి.మీ. బిట్‌తో 10 లోతు వెయ్యి. ఆ తర్వాతే 11 మి.మీ. ఆరపార రంధ్రం. ముందు పెద్ద రంధ్రం వేస్తే 18 బిట్ మొనకు ఆనుకోవడానికి చెక్క ఉండదు, బిట్ ఎగిరి అంచు చీలుస్తుంది. ఎం10 నట్టు కొన్నిచోట్ల 16, కొన్నిచోట్ల 17 మి.మీ. స్పానర్‌ది దొరుకుతుంది. 17ది అయితే మూలలకు ఉలితో కాస్త చోటివ్వు. ఎదుటి వైపు నుంచి వాషరు వేసిన బోల్టుకు మైనం రాసి, దాంతో నట్టును గుంటలోకి లాగు. సుత్తితో కొడితే వంకరగా దిగుతుంది. చుట్టూ కొంచెం అరల్డైట్ (రెండు గొట్టాలు కలిపి వాడే గట్టి జిగురు) పెట్టు, మరలోకి పోనివ్వకు.

రెండో దవడలో మధ్య రంధ్రం 13 మి.మీ. ఉండాలి. ఆ వదులు లేకపోతే దవడ ఒరగదు, కడ్డీ పట్టేస్తుంది. వెనక 12 మి.మీ. గుంట, 12 లోతు చాలు, అడుగున మందపాటి ఇనుప రేకు బిళ్ళ వెయ్యి. లేకపోతే కడ్డీ మొన చెక్కను తొలుచుకుంటూ పోతుంది.

వంపు బరువంతా పడేది మధ్య రంధ్రం దగ్గరే, వెడల్పు తగ్గిందీ అక్కడే. అందుకని ముక్కును సన్నం చేసేటప్పుడు కోత రంధ్రానికి 20 మి.మీ. ముందు మొదలుపెట్టి, చివర 20 మందం మిగిలేలా ఆపు. కోసేది బయటి ముఖాన్నే, లోపలి ముఖాన్ని ముట్టుకోకు. రంధ్రాలన్నీ అయ్యాకే ఈ కోత. ముందే వాలు కోస్తే దవడ డ్రిల్లు కింద నిలకడగా కూర్చోదు.

పిడులు 110 పొడవు, 32 మందం. లేతు లేకపోతే ఎనిమిది ముఖాలు వచ్చేలా చెక్కితే చాలు, చెమట చేతికి అదే బాగా పట్టు ఇస్తుంది. మధ్యలో 10 మి.మీ. రంధ్రం, 60 లోతు. కడ్డీకి ఉన్న నూనె థిన్నర్‌తో తుడిచి, అరల్డైట్‌తో దింపి, పిడి మూతి దగ్గర నట్టు బిగించి ఒక రాత్రి వదిలెయ్యి. తర్వాత పిడికీ కడ్డీకీ అడ్డంగా 3 మి.మీ. రంధ్రం వేసి మేకు దించు. జిగురొక్కదాన్నే నమ్మితే ఎప్పుడో ఒకనాడు పిడి ఉత్తినే తిరుగుతుంది. మధ్య మర పిడి రెండో దవడ బయట, నట్టుకూ చెక్కకూ మధ్య వాషరుతో ఉంటుంది. వెనక మర పిడి నట్ల దవడ బయట ఉంటుంది. అంటే రెండు పిడులూ ఎదురెదురు వైపులు. రెండు చేతులతో చెరొకటి పట్టుకుని క్లాంపును సైకిలు పెడళ్ళలా తిప్పితే దవడలు సమాంతరంగానే తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. సుమారు 100 మి.మీ. దాకా పడుతుంది.

మరలకు నూనె వద్దు, పనిమీద మరక పడుతుంది. కొవ్వొత్తి రుద్దు. దవడల లోపలి ముఖాలకూ మైనం రాస్తే ఫెవికాల్ అంటుకోదు.

బిగించేటప్పుడు మధ్య మరతో దవడల్ని పనికి ఆనించి, ఆఖరి బిగువు వెనక మరతో ఇవ్వు. సరిగ్గా పడిందో లేదో చూడాలంటే ముక్కు దగ్గర ఒక కాగితం పీలిక, లోపల ఒక పీలిక పెట్టి బిగించి లాగు. ముక్కు దగ్గరిది ఊడొస్తే వెనక మర ఇంకో పావు చుట్టు తిప్పు. లోపలిది ఊడొస్తే వెనక మర వదిలి మధ్యది కాస్త బిగించు.

పలకలు అంచుకు అంచు అతికించి బల్లపై చెక్క చేసేందుకు ఇవి చాలవు. దానికి మీటరు పొడవు కర్ర మీద రెండు చివర్లా దిమ్మెలు బిగించి, ఒక దిమ్మె దగ్గర ఎదురెదురుగా రెండు చీలలు, అంటే ఒక చివర సన్నబడేలా వాలుగా కోసిన చెక్క ముక్కలు, కొట్టే ఏర్పాటు చేసుకో. చీల వాలు 8కి 1 ఉంటే దానంతటది జారదు. 250 మి.మీ.కి ఒకటి చొప్పున, ఒకటి పైన ఒకటి కింద మార్చి పెట్టు. అన్నీ పైనే పెడితే పలక విల్లులా వంగుతుంది. ఈ కర్రలకు టింబర్ యార్డులో మిగిలిన ముక్కలే చాలు, వేగిస అక్కర్లేదు.

మీ పెదనాన్న