నూట ఇరవై రికార్డుల టేబుల్ మధ్యాహ్నానికి ఎందుకు మొరాయిస్తోంది?

ప్రశ్న: స్కూల్ వ్యాన్లు ఎక్కడున్నాయో తల్లిదండ్రులకు చూపించే యాప్ నడుపుతున్నాం. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 120 వ్యాన్లకు 120 రికార్డులే, ఒక్కో వ్యాన్ లొకేషన్ 5 సెకన్లకోసారి అప్‌డేట్ అవుతుంది. పొద్దున్న 6కి చకచకా ఉంటుంది, 12 అయ్యేసరికి మ్యాప్ తిరుగుతూనే ఉంటుంది, రాత్రి ఆఫీసు కట్టేశాక మళ్లీ మామూలే. పనికిరాని పాత కాపీలను దానంతటదే ఊడ్చే ఆటోవాక్యూమ్ ఆన్‌లోనే ఉంది. మరో చిత్రం, మా రిపోర్ట్ స్క్రీన్‌ను ఎవరు తెరిచారో లాగ్ టేబుల్లో రాస్తాం, ఆ ఎంట్రీలు సాయంత్రం దాకా కనబడవు. ర్యామ్ పెంచమంటారా?

జవాబు: ర్యామ్ మీద డబ్బు పెట్టకండి. మీరు చిత్రం అన్నదాంట్లోనే అసలు కారణం ఉంది.

పోస్ట్‌గ్రెస్‌లో అప్‌డేట్ అంటే పాతదాన్ని చెరిపి రాయడం కాదు, కొత్త కాపీ రాసి పాతదాన్ని అక్కడే ఉంచుతుంది. మీకు సెకనుకు 24 అప్‌డేట్లు, అంటే 6 నుంచి 12 దాకా 5,18,400 పాత కాపీలు. రికార్డు 100 బైట్లనుకున్నా దాదాపు 50 ఎంబీ, అందులోంచి 120 వెతకాలి! మామూలుగా అయితే ఇంత పేరుకోదు, ఎందుకంటే డిఫాల్ట్ సెట్టింగుల్లో 50, దానిపైన రికార్డుల్లో 20 శాతం, అంటే మీకు 74 దాటగానే ఆటోవాక్యూమ్‌కు పని పడుతుంది, అది నిమిషానికోసారి చూస్తూనే ఉంటుంది. వస్తోంది కూడా, కానీ ఏమీ తీయలేకపోతోంది. మీ రిపోర్ట్ స్క్రీన్ పొద్దున్న లాగ్ ఎంట్రీ రాసి కమిట్ చేయకుండా, అంటే రాసింది ఖాయం చేయకుండా, అలాగే కూర్చుంటోంది, అందుకే ఆ ఎంట్రీ ఎవరికీ కనబడదు. ఆ ట్రాన్సాక్షన్ (కమిట్‌తో ముగియాల్సిన పని) తెరిచి ఉన్నంతసేపూ, అది మీ వ్యాన్ల టేబుల్‌ను ముట్టుకోకపోయినా సరే, ఆ తర్వాత పాతబడిన కాపీలను వాక్యూమ్ తీయదు.

12 గంటలప్పుడు, ఏ కనెక్షన్ ఏం చేస్తోందో చూపించే పీజీ_స్టాట్_యాక్టివిటీ తెరిచి చూడండి, ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’ అని, పొద్దుటి టైముతో ఒక కనెక్షన్ ఉండి తీరాలి. ఎంట్రీ రాసిన వెంటనే కమిట్ పెట్టండి. పైథాన్‌లో పోస్ట్‌గ్రెస్‌తో మాట్లాడే సైకోపీజీ లైబ్రరీ వాడుతుంటే, ఆటోకమిట్ పెట్టకపోతే కమిట్ మీరే చెప్పాలి, చాలామంది ఇక్కడే మర్చిపోతారు. కోడ్ సరిచేశాక, అలా ఖాళీగా కూర్చున్న కనెక్షన్‌ను తెంచేసే ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్ టైమవుట్’ 5 నిమిషాలు పెట్టుకోండి. ముందే పెడితే స్క్రీన్ కనెక్షన్లు తెగి మీకు ఇంకో టెన్షన్.

ఇంకొకటి. చివరి అప్‌డేట్ టైము మీద ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పెట్టే సూచిక) ఉంటే తీసేయండి, 120 రికార్డులకు అది దండగ. మారే కాలమ్ మీద మామూలు ఇండెక్స్ ఉంటే, 2008లో పోస్ట్‌గ్రెస్ 8.3 వెర్షన్‌తో వచ్చిన, ఇండెక్సులను ముట్టుకోకుండా జరిగే హాట్ అప్‌డేట్ మీకు దక్కదు, ప్రతిసారీ ఇండెక్సుల్లోనూ కొత్త ఎంట్రీ పడుతుంది. పేజీని ఎంత శాతం నింపాలో చెప్పే ఫిల్‌ఫ్యాక్టర్ 50కి దించండి, కొత్త కాపీకి అదే పేజీలో చోటుంటుంది. ఇదంతా అయ్యాక రాత్రి వ్యాన్లు ఆగినప్పుడు ఒక్కసారి, టేబుల్‌ను తిరగరాసి చిన్నది చేసే వాక్యూమ్ ఫుల్ నడపండి, అది టేబుల్‌కు తాళం వేసేస్తుంది కాబట్టి పగలు మాత్రం వద్దు.