కార్డు బాకీ అంటే రెండు రూపాయల వడ్డీ

తమ్ముడూ,

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మూడు కార్డుల మీద కలిపి 14,000 డాలర్ల బాకీ. నెలనెలా మినిమమ్, అంటే బిల్లులో అడిగే కనీస మొత్తం మాత్రమే కడుతున్నావు. ఇంట్లో చెప్పలేదు. సెటిల్‌మెంట్ కంపెనీ వాళ్ళెవరో సగానికే తేల్చేస్తామని రోజూ ఫోన్ చేస్తున్నారు. వీసాకి ఏమన్నా అవుతుందేమోనని నిద్ర పట్టడం లేదన్నావు.

ముందు ఆ చివరి భయం తీర్చేస్తాను. అమెరికాలో కార్డు బాకీ సివిల్ వ్యవహారం. కట్టలేకపోయినంత మాత్రాన పోలీసులు రారు, వీసా పోదు. వసూళ్ళవాళ్ళు ఫోన్ చేసి అరెస్టు చేయిస్తామనో, ఇమిగ్రేషన్‌కి చెబుతామనో బెదిరిస్తే ఆ బెదిరింపే చట్టవిరుద్ధం. 1977 నాటి చట్టం ఒకటుంది. వసూలు ఏజెన్సీ పొద్దున 8కి ముందు, రాత్రి 9 తర్వాత ఫోన్ చేయకూడదు. ఆ బాకీ నిజంగా నీదేనా, ఎంత అన్నది వాళ్ళ నోటీసు అందిన 30 రోజుల్లో రాతపూర్వకంగా ప్రశ్నించే హక్కు నీకుంది. అయితే కట్టే ఉద్దేశమే లేకుండా కార్డులు గీకేసి విమానం ఎక్కడం వేరే సంగతి. అది మోసం కిందకి వస్తుంది. నువ్వు అలాంటివాడివి కాదని నీ ఉత్తరమే చెబుతోంది.

మన వైపు వడ్డీని ఎవరూ శాతాల్లో చెప్పుకోరు కదా. నూటికి రూపాయి, నూటికి రెండు అంటారు. మా నాన్నగారికి నరసరావుపేటలో ఎరువుల కొట్టు ఉండేది. రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చిన ఏడాది మాకు సంక్రాంతికి కొత్త బట్టలు ఉండేవి కావు. "ముందు అది తెగాలి" అనేవారు. ఆ ఇంట్లో పెరిగిన నేనే ఇక్కడికొచ్చాక బిల్లు మీద 24% అని చూసి, అదేదో బ్యాంకు లెక్క అనుకుని పక్కన పెట్టేశాను. నెలకి రెండు చొప్పున పన్నెండు నెలలు వేసుకో. అదే రెండు రూపాయల వడ్డీ. ఊళ్ళో ప్రోనోటుకైతే చాలావరకు బారువడ్డీయే, అసలు మీద మాత్రమే. ఇక్కడ ఏ రోజు వడ్డీ ఆ రోజు అసల్లో కలుస్తుంది.

మా సంగతి చెబుతాను. నేను 2008లో హెచ్-4 మీద, అంటే హెచ్-1బి ఉద్యోగ వీసా ఉన్నవాళ్ళ కుటుంబానికిచ్చే వీసా మీద డాలస్ వచ్చాను. అప్పట్లో మాకు పని చేసుకునే అనుమతి లేదు, అది 2015లో గానీ రాలేదు. ఒక్క జీతం. సోఫా ఒక షాపు కార్డు మీద, "12 నెలలు వడ్డీ లేదు" అంటే తీసుకున్నాం. పన్నెండో నెలకి ఇంకా 140 డాలర్లు మిగిలింది. ఆ మిగిలిన దానికే కదా వడ్డీ అనుకున్నాం. కాదు. కొన్న రోజు నుంచి మొత్తం ధర మీద ఏడాది వడ్డీ ఒకేసారి వేశారు. ఆ షరతు కాగితంలో రాసే ఉంది, మేమే చదవలేదు. ఆ తర్వాత ఆడపడుచు పెళ్ళికి పంపిన డబ్బు, మావగారి ఆపరేషన్, మా విమాన టిక్కెట్లు. 2011కి ఒక కార్డు మీదే 6,000 చేరింది.

ఒక ఆదివారం వంటింటి సొరుగులో ఉన్న కవర్లన్నీ తీసి డైనింగ్ టేబుల్ మీద పరిచాను. 2010 నుంచి ప్రతి బిల్లు మీదా ఒక చిన్న పెట్టె ముద్రించాలని ఇక్కడ చట్టం ఉంది. మినిమమ్ మాత్రమే కడుతూ పోతే ఎన్నేళ్ళు పడుతుంది, మూడేళ్ళలో తీర్చాలంటే నెలకి ఎంత కట్టాలి అన్నది అందులో ఉంటుంది. మా బిల్లు మీద 18 ఏళ్ళు అని ఉంది. అప్పటికి మా బాబుకి ఏడాదిన్నర. వాడు కాలేజీకి వెళ్ళేదాకా ఆ బాకీ కడుతూనే ఉంటామన్నమాట.

లెక్క విను. 6,000 మీద 24% అంటే నెలకి సుమారు 120 డాలర్ల వడ్డీ. మినిమమ్ అంటే చాలా బ్యాంకుల్లో ఆ నెల వడ్డీ, దాని మీద అసల్లో ఒక శాతం. అంటే 180 కడితే 60 మాత్రమే అసల్లో తగ్గుతుంది. బాకీ తగ్గేకొద్దీ మినిమమ్ కూడా తగ్గుతుంది కాబట్టి పదేళ్ళు కట్టాక కూడా 1,800 దాకా మిగిలే ఉంటుంది, అప్పటికి వడ్డీ కిందే 8,400 పోయి ఉంటుంది. అదే బాకీకి నెలకి 235 చొప్పున మార్చకుండా కడితే మూడేళ్ళలో తీరిపోతుంది. మొదటి నెల తేడా 55 డాలర్లే.

కాబట్టి నువ్వు ఈ వారమే చేయాల్సిన మొదటి పని కార్డు వాడడం ఆపడం. పాత బాకీ నిలిచి ఉన్నప్పుడు కొత్తగా కొన్నదానికి వడ్డీ లేని గడువు రోజులు ఉండవు. ఇవాళ కొన్న పాలకి కూడా ఇవాళ్టి నుంచే వడ్డీ. పచారీ సరుకులు డెబిట్ కార్డు మీద తెచ్చుకో. కార్డు మీద నగదు తీయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. దానికి ఫీజూ వేరు, వడ్డీ రేటూ ఎక్కువ.

తర్వాత, బాకీని సున్నా శాతం వడ్డీ కార్డుకి మార్చుకోవడం గురించి అడిగావు. క్రెడిట్ స్కోరు, అంటే అప్పులు సరిగ్గా కడతావా అని చూసి ఇచ్చే మార్కు, బాగుంటే మంచి దారే. 12 నుంచి 21 నెలల దాకా వడ్డీ ఉండదు, మార్చినందుకు 3 నుంచి 5% ఫీజు ఉంటుంది. 6,000కి 3% అంటే 180. మొత్తం 6,180ని 18 నెలలకి పంచితే నెలకి 343 కట్టగలగాలి. కట్టగలిగితేనే వెళ్ళు. ఒకే బ్యాంకులో ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకి మార్చనివ్వరు, వేరే బ్యాంకుది కావాలి. ఆ కొత్త కార్డు మీద ఏమీ కొనకూడదు. నేను చూసిన మనవాళ్ళలో చాలామంది ఇక్కడే దెబ్బతిన్నారు. పాత కార్డు ఖాళీ అవగానే డబ్బు చేతికొచ్చినట్టు అనిపిస్తుంది, ఏడాది తిరిగేసరికి రెండు కార్డులూ నిండుతాయి. నీకు ఇక్కడ అప్పు తీసుకుని కట్టిన హిస్టరీ రెండేళ్ళే కాబట్టి 14,000కి సరిపడా లిమిట్ ఇవ్వకపోవచ్చు. ఎక్కువ వడ్డీ ఉన్న ఒక కార్డు వరకు మార్చుకున్నా లాభమే.

క్రెడిట్ యూనియన్‌లో, అంటే సభ్యులదే అయిన సహకార బ్యాంకు లాంటిదాంట్లో, పర్సనల్ లోన్ అడుగు. ఫెడరల్ క్రెడిట్ యూనియన్లు మామూలు అప్పుల మీద 18% మించి వడ్డీ వేయకూడదు. వీసా గడువు దాటేలా వాయిదాలు ఇవ్వనివాళ్ళు ఉంటారు, అది ముందే అడిగి తెలుసుకో.

నాకు గట్టి నమ్మకం ఉన్న దారి మాత్రం లాభాపేక్ష లేని క్రెడిట్ కౌన్సెలింగ్. నేషనల్ ఫౌండేషన్ ఫర్ క్రెడిట్ కౌన్సెలింగ్ అని 1951 నుంచి ఉన్న సంస్థ. దాని కింద ఊరూరా ఏజెన్సీలు ఉన్నాయి. మొదటిసారి మాట్లాడడానికి సాధారణంగా డబ్బు తీసుకోరు. నీ జీతం, అద్దె, కారు వాయిదా, ఇంటికి పంపేది అన్నీ రాసుకుని, బ్యాంకులతో వాళ్ళే మాట్లాడి వడ్డీ తగ్గిస్తారు. చాలాసార్లు పది శాతం లోపుకి దిగుతుంది. నువ్వు నెలకి ఒక్క మొత్తం ఏజెన్సీకి కడితే వాళ్ళు అందరికీ పంచుతారు. మూడు నుంచి ఐదేళ్ళలో తీరుతుంది. నెలకి కొద్దిపాటి ఫీజు ఉంటుంది, ఆ కార్డులు మూసేస్తారు. ఇది కొత్త అప్పు కాదు, ఉన్న అప్పుకే వడ్డీ తగ్గింపు.

నీ లెక్క వేసి చూశాను. 24% అనుకుంటే ఇప్పుడు నువ్వు కడుతున్న మినిమమ్ 420 దగ్గర ఉండాలి. వడ్డీ 8%కి దిగితే నెలకి 342తో నాలుగేళ్ళలో 14,000 మొత్తం తీరిపోతుంది. ఇప్పుడు కట్టేదాని కన్నా తక్కువ కట్టి బయటపడతావు. మేం క్రెడిట్ కౌన్సెలింగ్‌కి వెళ్ళిన రోజు ఆ ఆఫీసులో ఒక పెద్దావిడ కూర్చోబెట్టి, మా కవర్లన్నీ ఒక్కొక్కటే తెరిచి, తారీఖుల వారీగా సర్ది, పసుపు రంగు కాగితం మీద నెలకి కట్టాల్సింది ఒకే ఒక్క అంకెగా రాసి మా ఆయన ముందుకి జరిపింది. ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. ఆ రాత్రి మూడేళ్ళ తర్వాత మొదటిసారి ఆయన త్వరగా నిద్రపోయారు.

ఉద్యోగం పోతుందని అనుమానం వచ్చినా, పోయినా, వాయిదా తప్పకముందే బ్యాంకుకి నువ్వే ఫోన్ చెయ్. "హార్డ్‌షిప్ ప్రోగ్రామ్ ఉందా" అని అడుగు, కష్టంలో ఉన్నవాళ్ళకి ఇచ్చే వెసులుబాటు అది. కొన్ని నెలలు వడ్డీ తగ్గించడమో, లేట్ ఫీజు మాఫీ చేయడమో చేస్తారు. హెచ్-1బి మీద ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోడానికో, దేశం వదలడానికో 60 రోజులే గడువు. ఆ రోజుల్లో ఈ ఫోన్ చేయడానికి కూడా ఓపిక ఉండదు, అందుకే ముందే చెబుతున్నాను.

ఇక సగానికి తేల్చే కంపెనీ. వాళ్ళు చెప్పే మొదటి మాట, బ్యాంకులకి కట్టడం ఆపేసి ఆ డబ్బు మేం చెప్పిన ఖాతాలో వెయ్యి అని. నువ్వు ఆపిన ఆర్నెల్లకి బ్యాంకు ఆ ఖాతాని రానిబాకీగా రాసేస్తుంది. ఆ మచ్చ ఏడేళ్ళు నీ క్రెడిట్ రిపోర్టులో, అంటే నీ అప్పుల చిట్టాలో ఉంటుంది. ఈలోపు కోర్టుకి వెళ్ళినా వెళ్ళొచ్చు. లెక్క కూడా వాళ్ళు చెప్పినట్టు ఉండదు. 14,000కి 7,000 కట్టావు. కంపెనీ ఫీజు మొత్తం బాకీ మీద 20% అనుకో, 2,800. మాఫీ అయిన 7,000 నీ ఆదాయం కింద లెక్క, 600 డాలర్లు, ఆ పైన అయితే మాఫీ అయిన అప్పుని పన్ను శాఖకి చెప్పే 1099-సి ఫారం పంపుతారు. 22% ఆదాయపన్ను స్లాబులో ఉంటే పన్ను 1,540. మొత్తం 11,340 అయింది. నీ ఆస్తులకన్నా అప్పులే ఎక్కువని చూపగలిగితే ఆ మేరకు పన్ను తప్పుతుంది గానీ, ఫీజూ మచ్చా తప్పవు. ఫోన్‌లో బేరం కుదుర్చుకునే ఇలాంటి కంపెనీలు ఒక్క అప్పయినా తేల్చకముందే ఫీజు తీసుకోవడాన్ని 2010లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిషేధించింది. ముందే డబ్బు అడిగితే ఫోన్ పెట్టెయ్.

దివాలా నీకు అవసరం లేదు. అయినా అడిగావు కాబట్టి ఒక్క మాట. పౌరసత్వం లేనివాళ్ళు కూడా దివాలా పిటిషన్ వేయొచ్చు. చాప్టర్ 7 అనే రకం దివాలా పదేళ్ళు క్రెడిట్ రిపోర్టులో ఉంటుంది. మనవాళ్ళు మరిచిపోయేది ఏమిటంటే, ఆస్తి ప్రపంచంలో ఎక్కడున్నా రాయాలి. ఊళ్ళో నీ పేరున అరెకరం ఉన్నా, నాన్న నీ పేరున కొన్న ప్లాటు ఉన్నా దాచిపెట్టడం నేరం. లాయరు లేకుండా ఆ గడప తొక్కకు.

కోర్టు నుంచి సమన్లు వస్తే మాత్రం పక్కన పడేయకు. జవాబు ఇవ్వకపోతే వాళ్ళు అడిగినంతా ఇమ్మని తీర్పు వచ్చేస్తుంది. టెక్సస్‌లో కార్డు బాకీకి జీతం పట్టుకోరు, నిజమే. కానీ తీర్పు వచ్చాక బ్యాంకు ఖాతాని పట్టుకోగలరు. చాలా ఇతర రాష్ట్రాల్లో జీతంలోనే నాలుగో వంతు దాకా కోయొచ్చు.

ఇంట్లో చెప్పడం గురించి. మీ అమ్మగారి బంగారం మీద బ్యాంకులో అప్పు తెస్తే రూపాయి వడ్డీ లోపే దొరుకుతుంది, రెండు రూపాయల బాకీ తీరుతుంది. లెక్క ప్రకారం అది లాభమే. రూపాయల అప్పుని డాలర్ల జీతంతో తీర్చడం కూడా సులువే. నేను వచ్చినప్పుడు డాలరు 40ల్లో ఉండేది, ఇప్పుడెక్కడుందో నీకు తెలుసు. అయినా నేను వద్దంటాను. నీ చదువు అప్పుకి ఇప్పటికే ఇల్లు తనఖాలో ఉందన్నావు. ఇక్కడ నీ ఉద్యోగం పోతే అక్కడ ఇల్లూ బంగారమూ రెండూ ఒకేసారి ప్రమాదంలో పడతాయి. డబ్బు అడక్కు, విషయం మాత్రం చెప్పు. బాకీ తీరేదాకా నువ్వు పంపేది తగ్గొచ్చు. ఎందుకు తగ్గిందో తెలియకపోతే వాళ్ళు ఇంకేదో ఊహించుకుని బాధపడతారు. మేం చెప్పినప్పుడు మావగారు ఒక్కటే అడిగారు, "ఎన్ని రూపాయల వడ్డీరా?" అని. రెండు అని మా ఆయన చెప్పగానే, "అయితే మాకు పంపడం ఆపు, ముందు అది కట్టు" అన్నారు.

ఇంకొక్క చిన్న సంగతి. షాపు కార్డు ఒక్కటి మాత్రం మేమే సొంతంగా తీర్చాం. బిల్లులో ఉన్న మొత్తం కట్టేసిన తర్వాతి నెల 23 డాలర్లకి మళ్ళీ బిల్లు వచ్చింది. బిల్లు తయారైన రోజుకీ మా డబ్బు చేరిన రోజుకీ మధ్య నడిచిన వడ్డీ అది. పొరపాటున వచ్చిందనుకుని మా ఆయన చించబోయారు. కట్టకపోయుంటే దాని మీద లేట్ ఫీజు పడేది. నువ్వు కూడా ఆఖరి బిల్లు కట్టాక ఇంకో రెండు నెలలు కవర్లు తెరిచి చూడు, సున్నా కనిపించేదాకా.